మసకా, మడ్డా?

హాప్స్ పువ్వులు దట్టంగా వేసి ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు రెండు రకాల దిగుళ్లుంటాయి. తేటగా రావాల్సింది మసకగా వచ్చిందని ఒకరి దిగులు. మసకగా రావాల్సింది కాస్తా తేరుకుపోయిందని ఇంకొకరి దిగులు. పాతికేళ్ల కిందట ఈ రెండో దిగులు దాదాపు ఎవరికీ లేదు. హాప్స్ బీరంటే గ్లాసు అవతలి మనిషి కనిపించాలి, అంతే. ఇప్పుడు ఒకాయన తేట కోసం జిలటిన్ పొట్లం విప్పుతుంటే పక్కింటాయన మసక కోసం ఓట్స్ డబ్బా మూత తీస్తున్నాడు. ఇద్దరూ పడే పొరపాటు మాత్రం ఒకటే: మసక అంటే ఒకే పదార్థం అనుకోవడం.

అది ఒకటి కాదు. ఒక రకం మసకకు రుచితో సంబంధమే ఉండదు. ఒకటి మంచి వాసన తెచ్చే పద్ధతి వెంట తానూ వస్తుంది. ఇంకొకటి పని సగంలో ఆగిందని, మరొకటి బీరు పాడైందని చెబుతాయి. కంటికి మాత్రం నాలుగూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే గ్లాసు చూసి తీర్పు చెప్పేవాళ్ల మాట సగానికి సగం తప్పుతుంది. మిగతా సగం అదృష్టం.

వివరాల్లోకి వెళ్లే ముందు ఒక హద్దు గీసుకోవాలి. ఈ కథ ప్రధానంగా అమెరికాలో నడిచింది. ఇంట్లో బీరు కాచుకోవడానికి అక్కడి ఫెడరల్ అనుమతి 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకంతో వచ్చింది. పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. తాగొచ్చు, పంచుకోవచ్చు, అమ్మకూడదు. చిట్టచివరగా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో దారికొచ్చాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గరాజులో గంగాళం పెట్టుకున్న తెలుగువాళ్లు నిశ్చింతగా ప్రయోగాలు చేసుకోవచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాస్తే నేరం. ఎక్సైజువాళ్లు వచ్చి చూసేది బీరు తేటగా ఉందా లేదా అని కాదు.

తేట ఎప్పుడు గొప్పదైంది?

ఇండియా పేల్ ఏల్, పొట్టిగా ఐపీఏ, మన తీరాల పేరు చెప్పుకుని పెరిగిన బీరు. 18వ శతాబ్దం చివర్లో లండన్ దగ్గర బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్ కాచిన బీరు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మద్రాసుకు, కలకత్తాకు వచ్చేది. 1820ల్లో బర్టన్ నుంచి అల్‌సాప్ కంపెనీ పోటీకి దిగింది. నెలల తరబడి పీపాలో ఉండే సరుకు కాబట్టి హాప్స్ ఎక్కువ వేసేవాళ్లు. అవి బీరును చెడనివ్వవు. అన్ని నెలలున్న బీరులో మడ్డి అడుగుకు దిగడానికి కావలసినంత వ్యవధి దొరికేది.

ఆ తర్వాత 1842లో బొహీమియాలోని ప్లజెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ బంగారు రంగు లాగర్ కాచాడు. ఆ శతాబ్దంలోనే గాజు గ్లాసులు మామూలు జనానికి అందాయి. బీరును ముందు కళ్లతో తాగడం అలవాటైంది. బవేరియాలో గోధుమ బీరు తాగేవాళ్లు ఈ గొడవ పట్టించుకోకుండా తమ మసక గ్లాసులతో తాము హాయిగా ఉన్నారు. మిగతా లోకానికి మాత్రం తేట అంటే శుభ్రత, శుభ్రత అంటే నాణ్యత అన్న లెక్క కుదిరిపోయింది.

వెలుగు, కణాలు, ఓపిక

బీరులో తేలే కణాలు వెలుగును పక్కలకు చెదరగొడతాయి. ఆ చెదిరిన వెలుగే మసక. కణం ఎంతదన్నది ఇక్కడ అసలు ప్రశ్న. ఈస్ట్ కణం 5 నుంచి 10 మైక్రాన్లుంటుంది. ప్రొటీన్లు, పాలీఫినాల్స్ కలిసి కట్టే ముద్దలు చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. ద్రవంలో కణం కిందికి దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ సూత్రం. మిగతావన్నీ సమానమైతే 5 మైక్రాన్ల ఈస్ట్ దిగే వేగంలో నూరో వంతు వేగంతో అర మైక్రాన్ ముద్ద దిగుతుంది. ఈస్ట్‌కు నాలుగు రోజులు పడితే ముద్దకు ఏడాది దాటుతుంది. ఈలోగా బీరు ఎవరో ఒకరు తాగేస్తారు.

పెద్ద కంపెనీలు మసకను మీటరుతో కొలుస్తాయి. వెలుగును 90 డిగ్రీల పక్కన కొలిస్తే సన్నకణాలు బయటపడతాయి, 25 డిగ్రీల దగ్గర కొలిస్తే ఈస్ట్ లాంటి పెద్ద కణాలు. కొలమానం ఈబీసీ లేదా ఎన్‌టీయూ. ఒక ఈబీసీ అంటే నాలుగు ఎన్‌టీయూలు. మెరిసే లాగర్ ఒక ఈబీసీ లోపే ఉంటుంది. మసక ఐపీఏలు వందల ఎన్‌టీయూలు దాటేస్తాయి. ఇంట్లో కాచుకునేవాడి మీటరు న్యూస్‌పేపరు. గ్లాసు వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగితే తేట, హెడ్డింగు ఒక్కటే కనిపిస్తే మసక, పేపరు ఉందో లేదో తెలియకపోతే అది వేరే విషయం.

వగరు చేసే పనే

పచ్చి అరటికాయ కొరికినా, పోకచెక్క నమిలినా నాలుక పట్టేస్తుంది. వాటిలోని పాలీఫినాల్స్, అంటే టానిన్ల కుటుంబం, లాలాజలంలో ఉన్న ప్రొటీన్లను పట్టుకుని ముద్ద చేయడం వల్ల నోరు జారుడు కోల్పోతుంది. అదే వగరు. ఆ లాలాజల ప్రొటీన్లలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. బీరుకు ముడిసరుకైన బార్లీలో ఉండే హార్డీన్ అనే ప్రొటీన్‌లోనూ ప్రోలిన్ ఎక్కువే. నోట్లో వగరు పుట్టించిన రసాయనమే గ్లాసులో మసక పుట్టిస్తుంది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ సీబర్ట్ ఈ జోడీని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆయన చూపిన చిత్రం ఇది. ప్రొటీన్‌కు పట్టుకునే చోట్లు కొన్నే ఉంటాయి, పాలీఫినాల్‌కు పట్టుకునే కొసలూ కొన్నే. రెండూ ఈడుజోడుగా ఉన్నప్పుడు వలలాగా అల్లుకుని పెద్ద ముద్దలవుతాయి, మసక గరిష్ఠానికి చేరుతుంది. ఏ ఒక్కటి మరీ ఎక్కువైనా జంటలు చిన్నచిన్నవిగా ఉండిపోతాయి, మసక తగ్గుతుంది. అందుకే ఒకే సరుకును ఇంకాస్త, ఇంకాస్త పోస్తే మసక పెరుగుతూనే ఉంటుందన్న ఆశ నిలవదు.

ఈ పట్టు మొదట్లో బలహీనం. ఫ్రిజ్‌లో సున్నా నుంచి నాలుగు డిగ్రీల దగ్గర ముద్దలు కడతాయి, 20 డిగ్రీలకు రాగానే విడిపోతాయి. దీన్నే చిల్ హేజ్ అంటారు. రుచికి దీనివల్ల నష్టమేమీ లేదు. అతిథి ముందు పరువుకే నష్టం. రోజులు గడిచి ఆక్సిజన్ తగిలితే ఆ పట్టు బిగుసుకుంటుంది. అప్పుడు వేడెక్కినా విడిపోదు. అది శాశ్వతమైన మసక.

హాప్స్ ఎక్కడ వస్తాయి?

హాప్స్ పువ్వులో సువాసన నూనెలతోపాటు పాలీఫినాల్స్ కూడా బోలెడు. వాటిని కాగే వోర్ట్‌లో, అంటే మొలకెత్తించిన బార్లీని (మాల్ట్‌ను) నానబెట్టి దింపిన తీపి రసంలో, వేస్తే ఆ పాలీఫినాల్స్ చాలామటుకు ప్రొటీన్లను పట్టుకుని గంగాళం అడుగునే మడ్డిగా మిగిలిపోతాయి. ఫెర్మెంటర్‌లో, అంటే పులియబెట్టే పాత్రలో, చల్లటి బీరులో వేస్తే (డ్రై హాపింగ్ అంటే ఇదే) కాగడం ఉండదు, వడకట్టే మడ్డీ ఉండదు. పాలీఫినాల్స్ తిన్నగా బీరులోకి దిగి అక్కడే ఉన్న ప్రొటీన్లను వెతుక్కుంటాయి. 19 లీటర్ల బీరుకు వంద గ్రాములు వేసేవాడు కొంచెం మసక చూస్తాడు. 250 గ్రాములు వేసేవాడు దాన్ని తప్పించుకోవాలంటే శ్రమపడాలి.

అంటే వాసన కోసం డ్రై హాపింగ్ పెంచారు, దాని వెంట మసక వచ్చింది. ఆ వరసను తలకిందులుగా చదివినవాళ్లు మసక ఉంటే వాసన వస్తుందనుకున్నారు. కాలిఫోర్నియాలో విన్నీ సిలూర్జో కాచే ప్లైనీ ది ఎల్డర్ అనే బీరు దీనికి ఎదురుగా నిలబడే సాక్ష్యం. గ్లాసులో తేటగా ఉంటుంది, హాప్స్ వాసన గదంతా నిండుతుంది.

ఈ తలకిందుల చదువుకు పునాది అమెరికాలోని వర్మాంట్ రాష్ట్రంలో పడింది. గ్రెగ్ నూనన్ 1988లో బర్లింగ్టన్‌లో పెట్టిన పబ్బులో జాన్ కిమిచ్ పని నేర్చుకున్నారు. ఆయన 2003లో వాటర్‌బరీలో ఆల్కెమిస్ట్ అనే పబ్బు తెరిచి, హెడీ టాపర్ అనే డబుల్ ఐపీఏ కాచారు. వడపోత లేదు, మసక ఉంది, వాసన దండిగా ఉంది. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరద పబ్బును ముంచేసింది. సరిగ్గా అప్పుడే, రోజుల తేడాతో, అదే ఊళ్లో ఆయన డబ్బాల్లో నింపే కేంద్రం పని మొదలుపెట్టింది. గ్లాసులో పోసుకోకుండా డబ్బాతోనే తాగమని ఆ డబ్బా మీదే అచ్చు వేయించారు. మసక బీరుకు ప్రపంచమంతా పేరు తెచ్చిన బీరు, దాని మసకను చూడొద్దని చెప్పిందన్నమాట. జనం సహజంగానే గ్లాసులో పోసి ఫొటోలు తీశారు. 2018లో అమెరికా బీరు తయారీదారుల సంఘం బ్రూయర్స్ అసోసియేషన్ తన బీరు రకాల జాబితాలో హేజీ, అంటే మసక, ఐపీఏలకు వేరే గడులు కేటాయించింది. తప్పుగా లెక్కించిన లక్షణం నిబంధనగా మారడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఓట్సా, ఈస్టా?

మసక ఐపీఏ వంటకాల్లో ఓట్స్, గోధుమ తప్పనిసరి అన్నట్టు రాస్తారు. ఓట్స్‌లోని బీటాగ్లూకాన్ నాలుక మీద నునుపుగా, నిండుగా అనిపిస్తుంది. అది నిజం, వేసుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు. మసకకు మాత్రం ఓట్స్ పూచీ పడవు. గోధుమ సంగతి ఇంకా తమాషా. కొంతవరకు పెంచితే మసక పెరుగుతుంది, మరీ పెంచితే తిరిగి తగ్గవచ్చు. ఇందాకటి ఈడుజోడు లెక్కే ఇది.

ఇటీవల ఎక్కువ వెలుగు పడింది ఈస్ట్ మీద. షికాగోలోని ఒమేగా ఈస్ట్ పరిశోధకులు కొన్ని ఈస్ట్ జాతుల్లో హెచ్‌జడ్‌వై1 అని పేరుపెట్టిన జన్యువును గుర్తించారు. అది ఉన్న జాతితో డ్రై హాపింగ్ చేస్తే మసక నిలుస్తుంది. అదే జాతి నుంచి ఆ జన్యువు తీసేస్తే అదే మాల్ట్‌తో, అవే హాప్స్‌తో కాచిన బీరు తేటపడుతుంది. హాప్స్‌ను ఎప్పుడు వేశామన్నదాన్ని బట్టి కూడా ఇలాంటి జాతులతో వచ్చే మసక మారుతుంది. ఒకే వోర్ట్‌ను రెండు ఫెర్మెంటర్లలో పోసి, చెరొక ఈస్ట్ వేసినవాళ్లకు ఒకటి నారింజరసంలా, ఒకటి లాగర్‌లా రావడం వెనక మర్మం ఇదే. ఓట్స్ డబ్బా అక్కడ ఉత్త ప్రేక్షకుడు.

మసక కోసం కాగేటప్పుడు గోధుమపిండి చల్లేవాళ్లూ ఉన్నారు. పిండిపదార్థం తేలితే మసక కనిపించే మాట నిజమే. కానీ మామూలు ఈస్ట్ దాన్ని తినలేదు, కొన్ని అడవి ఈస్ట్‌లు, సూక్ష్మక్రిములు తినగలవు. సీసాలో దొరికే ఆ విందుకు అవి వస్తే సీసా పేలినా ఆశ్చర్యం లేదు. బీరు వాసనకు పిండి చేసే మేలు మాత్రం ఏమీ లేదు.

తేర్చే పనిముట్లు

తేట కావాలనుకునేవాడికి చాలా సాయం ఉంది, అయితే ఒక్కో పనిముట్టు ఒక్కోదాన్నే పట్టుకుంటుంది. వోర్ట్ కాగడం ముగిసే ముందు పది, పదిహేను నిమిషాలప్పుడు వేసే ఐరిష్ మాస్ నిజానికి సముద్రపు నాచు. దానిలోని కారజీనన్‌కు రుణావేశం ఉంటుంది, ధనావేశం ఉన్న ప్రొటీన్లను అది ముద్ద కడుతుంది. ఐసింగ్లాస్ అనేది చేప గాలితిత్తి నుంచి తీసిన కొల్లాజెన్. దానికి ధనావేశం, ఈస్ట్‌కు రుణావేశం. రెండూ కలిసి అడుగుకు దిగుతాయి. దీని వాడకం మానేస్తామని బీరు కంపెనీ గిన్నిస్ 2015లో ప్రకటించింది. శతాబ్దాలుగా శాకాహారులు దేన్ని తాగారో చాలామందికి తెలిసింది అప్పుడే.

ఇంటివాళ్లకు అందుబాటులో ఉన్నది జిలటిన్. అది కూడా పశువుల ఎముకల నుంచో తోలు నుంచో వచ్చేదే, శాకాహారులు గమనించాలి. అర టీస్పూను జిలటిన్‌ను పావు కప్పు నీళ్లలో నానబెట్టి, మరగనివ్వకుండా 65 డిగ్రీల దాకా వేడి చేసి, రెండు డిగ్రీలకు చల్లబరచిన బీరులో పోస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. వానాకాలం బిందెలో చిల్లగింజ అరగదీసి కలక నీళ్లు తేర్చుకున్న ఊళ్లవాళ్లకు ఇది కొత్తగా అనిపించకూడదు. బీరు చల్లగా ఉండటం ముఖ్యం. వెచ్చగా ఉన్నప్పుడు చిల్ హేజ్ ముద్దలే కట్టి ఉండవు, లేనిదాన్ని జిలటిన్ పట్టుకోలేదు.

సిలికా జెల్ ప్రోలిన్ ఉన్న ప్రొటీన్లను పీల్చుకుంటుంది, నురగనిచ్చే ప్రొటీన్లను చాలావరకు వదిలేస్తుంది. పీవీపీపీ అనే పొడి పాలీఫినాల్స్‌ను లాగేస్తుంది. ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసే ఒక ఎంజైమ్‌ను పులియబెట్టేటప్పుడే వేస్తే అది ప్రోలిన్ దగ్గరే ప్రొటీన్‌ను కత్తిరిస్తుంది. ముద్ద కట్టడానికి చోటే మిగలదు. వీటిలో ఏదీ అన్ని మసకలకూ మందు కాదు. పిండి మసకకు జిలటిన్ వేయడం, ఇన్‌ఫెక్షన్ మసకకు సిలికా వేయడం జబ్బు తెలుసుకోకుండా మాత్ర మింగడమే.

అయిదు నిమిషాల విచారణ

జబ్బు ఏదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన బీరును గ్లాసులో పోసి బల్ల మీద వదిలేయండి. గది వేడికి వచ్చేసరికి తేటపడితే అది చిల్ హేజ్, రాద్ధాంతం అక్కర్లేదు. తేటపడకపోతే ఒక సీసాను నిటారుగా నాలుగైదు రోజులు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. అడుగున లేత గోధుమరంగు పొర కట్టి పైన తేరుకుంటే అది ఈస్ట్, తొందరపడి నింపారన్నమాట. ఆకుపచ్చ నలుసులు దిగితే హాప్స్ పిప్పి. కొంచెం బీరు తెల్లటి పింగాణీ మీద పోసి అయోడిన్ చుక్క వేసినప్పుడు నీలినలుపు వస్తే పిండిపదార్థం. మాల్ట్‌ను నానబెట్టినప్పుడు పిండి చక్కెరగా మారకుండానే ముందుకు నడిచారు. వాసన పుల్లగా మారి, సీసా మెడలో వలయం కట్టి, మూత తీయగానే పొంగితే ఇన్‌ఫెక్షన్. దానికి మందు లేదు, పారబోయడమే.

ఇవేవీ కాకుండా వారాలు గడిచినా మసక కదలకపోతే, వాసన బాగుంటే, అదే ప్రొటీన్ పాలీఫినాల్స్ మసక. నింపిన వెంటనే ఇలాంటి బీరు గొంతులో మంటగా, చేదుగా గుచ్చుకుంటుంది. హాప్ బర్న్ అంటారు దాన్ని. దానికి కారణం తేలుతున్న హాప్స్ పిప్పి. ఒకటి రెండు వారాలు చల్లగా ఉంచితే ఆ పిప్పి దిగిపోతుంది, మంట పోతుంది, మసక మాత్రం అలాగే ఉంటుంది. మసకను ప్రేమించే వాళ్లు కూడా మడ్డిని తాగాల్సిన పని లేదు. బురదలా ఉన్న గ్లాసును తాజాదనానికి గుర్తుగా చూపించేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

డ్రై హాపింగ్‌తో ఇంకో చిక్కు ఉంది. హాప్స్‌లో కొద్దిగా ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన పొడవాటి చక్కెరలను అవి ముక్కలు చేస్తే, నిద్రపోతున్న ఈస్ట్ లేచి మళ్లీ పులియబెడుతుంది. బ్రౌన్, మారిస్ అనే ఇద్దరు 1893లోనే దీని గురించి రాశారు. శతాబ్దం తర్వాత హాప్ క్రీప్ అని కొత్త పేరు పెట్టి అందరూ ఆశ్చర్యపోయారు. సీసాల్లో నింపే ముందు బీరు సాంద్రత మూడు రోజులు వరసగా కదలకుండా ఉందో లేదో చూడటం అందుకే.

అసలు శత్రువు

తేట, మసక అని వాదించుకునే ఇద్దరికీ ఉమ్మడి శత్రువు ఆక్సిజన్. హాప్స్ వాసనను మొదట తినేసేది అదే. మసక ఐపీఏలో అది ఇంకా బాగా కనిపిస్తుంది. నారింజ పసుపు రంగు కొన్ని వారాల్లో బూడిద గోధుమరంగుకు దిగజారుతుంది. పాలీఫినాల్స్ ఎక్కువుండటం ఒక కారణం. మాంగనీసు లాంటి లోహాలు ఆక్సిజన్ పనిని వేగం చేయడం ఇంకో కారణం. ఓట్స్‌లో మాంగనీసు ఎక్కువ. మసక కోసం వేసిన సరుకు మసకను ఇవ్వకపోగా రంగు చెడగొట్టడానికి ఒక చేయి వేస్తుంది.

పాఠం పెద్దదేమీ కాదు. పులియడం పూర్తిగా ఆగకముందే హాప్స్ వేస్తే మూత తీసినప్పుడు లోపలికి వచ్చిన గాలిని ఈస్ట్ కొంత తినేస్తుంది. బీరు నింపే కెగ్‌ను ముందే కార్బన్ డయాక్సైడ్‌తో నింపి, గొట్టంతో మూసిన దారిలోనే బీరును మార్చాలి. ఆ తర్వాత చల్లగా ఉంచి త్వరగా తాగాలి. తేట బీరైనా మసక బీరైనా ఈ వరస మారదు.

తేట కావాలంటే చల్లబరచి ఓపిక పట్టాలి, ఓపిక లేకపోతే జిలటిన్ వేయాలి. మసక కావాలంటే ఈస్ట్‌ను చూసి ఎంచుకోవాలి, హాప్స్‌ను వేళకు వేయాలి. మంచి వాసన కావాలంటే మాత్రం ఈ రెండు పక్షాలవాళ్లూ చేయాల్సిన పని ఒకటుంది: బీరు ఎలా వస్తోందో చూద్దామని గంటకోసారి ఫెర్మెంటర్ మూత తీయడం మానుకోవాలి.